పూసల అంచు మూతగుడ్డ

ఆరుబయట వడ్డించిన అన్నం మీద, కూర గిన్నెల మీద, మంచినీళ్ల జగ్గు మీద కప్పడానికి ఇంట్లోనే కుట్టుకున్న పలచటి మూతగుడ్డ హైదరాబాదులోని ఉప్పల్, నాచారం ఇళ్లలో ఇప్పుడు వెతికినా దొరకడం కష్టం. గుండ్రంగా కత్తిరించిన వాయిల్ ముక్క లేదా దోమతెర నెట్టు, నడిమధ్య రంగుదారంతో కుట్టిన ఒక పువ్వు, చుట్టూ లేసు, లేసు కొసలకు వేలాడే గాజుపూసలు. వస్తువు ఇంతే. గ్లాసు మీద వేసే అరచేతి వెడల్పు మూత నుంచి పెళ్లిలో పెద్ద తాంబాళాన్ని కప్పే చదరపు గుడ్డ దాకా దీనికి ఎన్నో కొలతలు ఉండేవి. జగ్గు మీదైతే జగ్గు కవరు, పళ్లెం మీదైతే పళ్లెం కవరు. ముస్లిం ఇళ్లలో పెద్ద పళ్లేల మీద వేసేదాన్ని ఖ్వాన్‌పోష్ అనేవారు.

ఫ్రిజ్ లేని, కిటికీలకు జాలీ లేని, ఎండాకాలం రాత్రి భోజనం మిద్దె మీదే జరిగే రోజుల్లో ఇది షోకు వస్తువు కాదు. అందం కోసం చేర్చినట్టు కనిపించే ప్రతిదీ అందులో ఒక పని చేసేది. పూసలు గాలికి గుడ్డ ఎగిరిపోకుండా బరువునిచ్చేవి. లేసు గుండ్రటి అంచు సాగిపోకుండా పట్టి ఉంచేది. గంజి పెట్టిన బిరుసు వల్ల గుడ్డ కూరలోకి జారేది కాదు. మధ్యలోని పువ్వు ఏ వైపు పైకి ఉండాలో చెప్పేది. ముచ్చట, అవసరం ఒకే కుట్టులో కలిసిన ఇంటి కళ అది.

ఈగలు, దుమ్ము, వేపపూత

ఈ మూతగుడ్డ అవసరం ఆ చోటి నుంచే పుట్టింది. ఉప్పల్ వరంగల్ రోడ్డు మీద, మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉన్న పాత ఊరు. నాచారం దానికి ఉత్తరాన, లాలాగూడ, మౌలాలి వైపు ఉంటుంది. పారిశ్రామికవాడలు, ఉద్యోగుల కాలనీలు వచ్చాక కూడా చాలాకాలం ఇవి సగం ఊళ్లుగానే మిగిలాయి. ఒకవైపు ఫ్యాక్టరీ సైరను, లారీల దుమ్ము. మరోవైపు గడ్డివాములు, బర్రెల కొట్టాలు, చెరువు గట్లు.

నగరపు మురుగు కలిసిన మూసీ నీటితో ఒడ్డున ఉన్న పొలాల్లో పచ్చగడ్డి పెంచేవారు. ఆ గడ్డి మీద ఆధారపడి ఉప్పల్, పీర్జాదిగూడ వైపు పాడి సాగింది. కొట్టం దగ్గర ఉంటే పాలు తాజాగా దొరుకుతాయి, పేడకుప్పలూ దగ్గరే ఉంటాయి. ఎండాకాలపు వేడిలో ఈగ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా పట్టేది వారం, పది రోజులే. మామిడిపండ్ల కాలం వచ్చేసరికి వాకిట్లో పెట్టిన ఏ పళ్లెమూ ఈగ వాలకుండా ఉండేది కాదు. ఈగకు నమిలే నోరు లేదు. గట్టి పదార్థం మీద లాలాజలం కక్కి, కరిగించి, పీల్చుకుంటుంది. ఆ క్రమంలో కాళ్లకు, ఒంటికి అంటిన విరేచనాల, టైఫాయిడ్, కలరా క్రిములను అన్నం మీద వదిలేస్తుంది. ఈ జీవశాస్త్రం అంతా తెలియకపోయినా, ఈగ వాలిన అన్నం పిల్లలకు పెట్టకూడదని ప్రతి ఇల్లాలికీ తెలుసు.

అలాంటప్పుడు భోజనం ఇంట్లోనే ఎందుకు చేయలేదన్నది న్యాయమైన ప్రశ్న. సిమెంటు స్లాబు ఇళ్లు పగలంతా ఎండను తాగి, రాత్రి ఆ వేడిని లోపలికి వదులుతాయి. మే నెలలో పగటి వేడి 40 డిగ్రీలు దాటే హైదరాబాదులో రాత్రి ఎనిమిదింటికి గదిలో కూర్చుని తినడం శిక్ష. అందుకే పొద్దు వాలగానే మిద్దె మీద బక్కెట్లతో నీళ్లు చల్లి, తడి ఆరాక చాపలు పరిచి, వంట గిన్నెలన్నీ పైకి చేర్చేవారు. అక్కడ గాలి ఉండేది. గాలితోపాటు దుమ్ము, వేపచెట్టు నుంచి రాలే పూత, దీపం చుట్టూ తిరిగే పురుగులు కూడా ఉండేవి. తొలకరి జల్లు పడిన సాయంత్రమైతే ఉసిళ్లు దీపానికి ఎగబడి, రెక్కలు ఊడి, గిన్నెల్లో రాలేవి.

గిన్నెకు గిన్నెమూత ఉండగా గుడ్డ ఎందుకన్నదీ అనుభవం నేర్పిన విషయమే. వేడి పదార్థం మీద బిగుతుగా మూత పెడితే ఆవిరి నీటిబొట్లై తిరిగి దాని మీదే పడుతుంది. పూరీ మెత్తబడుతుంది, జొన్నరొట్టె సాగుతుంది, అన్నం తొందరగా పులిసిపోతుంది. గుడ్డ ఆవిరిని పైకి పోనిస్తుంది, ఈగను లోపలికి రానివ్వదు.

మూడు దారులు

ఉప్పల్, నాచారం ఇళ్లలోని మూతగుడ్డలో మూడు సంప్రదాయాలు కలిశాయి.

మొదటిది ఊరి సంప్రదాయం. పచ్చడి జాడీ మూతికి పలచటి పాత ధోవతి ముక్కను చుట్టి దారంతో బిగించడాన్ని వాసెన కట్టడం అంటారు. మిద్దె మీద వడియాలు, అప్పడాలు, చల్ల మిరపకాయలు ఎండబెట్టినప్పుడు పాత నూలు చీరను కప్పడం, సంక్రాంతికి సకినాలను ఉతికిన తెల్లగుడ్డ మీద చుట్టడం కూడా ఈ కోవలోవే. ఇందులో అలంకారం లేదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుగుడ్డ తిండికి తగిన తోడని తెలిసిన ఇంగితం ఉంది.

రెండోది దక్కను దర్బారు సంప్రదాయం. కానుకలను, ఫలహారాలను పళ్లెంలో పెట్టి, పైన అందమైన గుడ్డ కప్పి పంపడం గోల్కొండ సుల్తానుల కాలానికే మర్యాద. అలా కప్పడానికి వాడిన కలంకారీ రుమాళ్లు కొన్ని, 17వ శతాబ్దం నడిమి నాటివి, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలోనూ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ భద్రంగా ఉన్నాయి. అంత సన్నటి పనితనం రాజవంశాలకే చెల్లింది. ఆ మర్యాద మాత్రం హైదరాబాదు సామాన్యుల ఇళ్లకు దిగివచ్చింది. మఖ్మల్ లేదా శాటిన్ గుడ్డకు గోటా, కిరణ్ అనే జరీ అంచులు వేసిన ఖ్వాన్‌పోష్ లేకుండా, పెళ్లికి ముందు వరుడి ఇంటి నుంచి కానుకలు వెళ్లే సాంచక్ పళ్లేలు గడప దాటేవి కావు. రంజాన్ నెలలో ఇఫ్తారు వేళ పక్కింటికి, మసీదుకు వెళ్లే పళ్లెం మీద కూడా ఏదో ఒక కుట్టుపని చేసిన గుడ్డ ఉండేది.

మూడోది లేసు అల్లిక. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చిన క్రోషియా అల్లిక నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వేలాది ఇళ్ల పని అయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చి హబ్సిగూడ, రామంతపూర్, నాచారం కాలనీల్లో స్థిరపడిన కుటుంబాలతో ఆ అల్లిక ఇటు చేరింది. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉన్న ఆంగ్లో-ఇండియన్ కుటుంబాల బల్లల మీద, కాన్వెంటు బడుల కుట్టుపని తరగతుల్లో అదే అల్లిక మరో దారిన కనిపించేది. ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో కూడా ఫ్రిజ్‌లు రాకముందు పాలజగ్గు మీద చుట్టూ పూసలు కుట్టిన లేసు మూత వేయడం ఇంటింటి అలవాటు. నాచారం వంటింటి జగ్గు కవరుకు అంత దూరపు చుట్టరికం ఉంది.

ఊరి నూలుగుడ్డ, దర్బారు మర్యాద, గోదావరి లేసు కలిసి కాలనీ ఇళ్ల మూతగుడ్డ తయారైంది.

కొలత, కత్తెర, కుట్టు

మూతగుడ్డకు ప్రత్యేకంగా గుడ్డ కొనేవారు తక్కువ. రవిక కుట్టగా మిగిలిన ముక్క, చిరిగిన వాయిల్ చీరలో చిరగని భాగం, పాత దోమతెర దీనికి ముడిసరుకు. కొనవలసి వస్తే సికింద్రాబాదు జనరల్ బజారు, కోఠి దగ్గర సుల్తాన్ బజారు ఉండేవి. లేసు, గోటా, పూసల కోసం చార్మినారు పక్కన లాడ్ బజారు దాకా వెళ్లేవారు. సిటీ బస్సులో వెళ్లి, చిన్న కాగితం పొట్లంలో పూసలు తెచ్చుకోవడం ఒక పూట పని.

కొలత పద్ధతిగా జరిగేది. పళ్లెం వెడల్పు 12 అంగుళాలైతే, చుట్టూ 4 అంగుళాలు కిందికి వేలాడాలని 20 అంగుళాల గుండ్రం తీసుకునేవారు. 5 అంగుళాల జగ్గు మూతికి 9 అంగుళాలు, 3 అంగుళాల గ్లాసుకు 7 అంగుళాలు సరిపోయేవి. గుడ్డను నాలుగు మడతలు వేసి, మడతల మూల దగ్గర ఒక చేత్తో దారం నొక్కిపట్టి, రెండో కొసకు కట్టిన సుద్దముక్కతో పావు గుండ్రం గీసేవారు. 20 అంగుళాల మూతకు దారం 10 అంగుళాలు. గీత మీద కత్తిరించి విప్పితే పూర్తి గుండ్రం వస్తుంది. బడిలో వృత్తలేఖిని పట్టని చేతులు కూడా ఈ లెక్కలో తప్పేవి కావు.

అసలు కష్టం అంచు దగ్గర మొదలవుతుంది. గుండ్రంగా కత్తిరించిన గుడ్డ అంచు నాలుగు చోట్ల నేత పోగుల వెంబడి నిలకడగా ఉంటుంది, మరో నాలుగు చోట్ల ఏటవాలుగా పడి సాగుతుంది. అజాగ్రత్తగా మడిచి కుడితే అంచు అలలు అలలుగా లేచి పళ్లెం మీద కుదురుగా కూర్చోదు. అందుకని మొదట అంచు వెంట కచ్చాకుట్టు వేసి, దారాన్ని కొద్దిగా లాగి, గుడ్డను కుదించేవారు. ఆ పైన ఏటవాలుగా కత్తిరించిన సన్నటి క్రాస్ పట్టీని అంచుకు తొడిగి కుట్టేవారు. పట్టీ కూడా ఏటవాలు గుడ్డే కాబట్టి వంపు వెంట ముడత పడకుండా తిరుగుతుంది. రవిక మెడకు పట్టీ వేయడం తెలిసినవారికి ఇది అలవాటైన పనే.

పట్టీ మీద లేసు. 20 అంగుళాల గుండ్రం చుట్టుకొలత దాదాపు 63 అంగుళాలు. కుచ్చులు రావాలంటే దానికి ఒకటిన్నర రెట్లు, అంటే దాదాపు 95 అంగుళాల లేసు కావాలి. గజం లెక్కన లేసు కొనేవారికి రెండున్నర గజాలు చాలవని, రెండు ముప్పావు గజాలు తీసుకోవాలని నోటి లెక్కగా తెలిసి ఉండేది.

మధ్యలోని పువ్వు చేతికుట్టు. డిజైనును కార్బన్ కాగితంతో దించేవారు. బాగా పనితనం తెలిసినవారు డిజైను గీసిన పలచటి కాగితానికి గీతల వెంట సూదితో సన్నటి రంధ్రాలు పొడిచి, గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన నీలిమందును దూదితో రుద్దేవారు. కాగితం తీస్తే చుక్కల వరుసలో పువ్వు కనిపించేది. ఉతికితే నీలం పోతుంది, కుట్టు నిలుస్తుంది. కాడకు కాడకుట్టు, రేకలకు లేజీ డైజీ, నడిమికి ముడికుట్టు, ఆకు అంచుకు గొలుసుకుట్టు. దారపు లచ్చిలో ఆరు పోగులు ఉంటాయి. పలచటి వాయిల్ మీద రెండు పోగులే వాడాలి, అంతకు మించితే గుడ్డ లాగినట్టవుతుంది.

తిండి మీద కప్పే గుడ్డ కాబట్టి రెండు నియమాలు గట్టిగా పాటించేవారు. వెనకవైపు దారం ముడులు, వేలాడే కొసలు ఉండకూడదు. ఆ వైపే అన్నానికి ఎదురుగా ఉంటుంది, పోగు ఊడితే కూరలో పడుతుంది. ఎరుపు, ముదురు నీలం దారాలను కుట్టడానికి ముందే వేడినీళ్లలో ముంచి, తెల్లగుడ్డ మీద ఒత్తి చూడాలి. రంగు దిగితే ఆ లచ్చి పక్కకు పోయేది.

పూస కుట్టడం

ఈ పని అంతటిలో ఓర్పు కోరేది పూసల వరుస. గుండ్రం చుట్టుకొలతలో అంగుళానికి ఒక పూస చొప్పున జగ్గు కవరుకు 28, పళ్లెం మూతకు 63 పూసలు పట్టేవి. క్రోషియాతో అల్లేవారు ముందే పూసలన్నిటినీ దారానికి ఎక్కించుకుని, అల్లిక సాగేకొద్దీ ప్రతి కొసకు ఒక్కో పూసను ముందుకు జరిపి బిగించేవారు.

సూదితో కుట్టే పద్ధతి వేరు. సూది లేసు కొసలోంచి దిగుతుంది. ముందు శనగగింజంత పెద్ద గాజుపూసను, దాని కింద ఆవగింజంత చిన్నపూసను ఎక్కించుకుంటుంది. చిన్నపూస బయటి నుంచి తిరిగి, మళ్లీ పెద్దపూస రంధ్రంలోంచే పైకి వస్తుంది. దారం లాగగానే చిన్నపూస అడ్డుపడి, పెద్దపూస జారకుండా నిలుస్తుంది. లేసు కొస దగ్గర రెండు చుట్లు వేసి ముడి బిగించాక సూది తరవాతి కొసకు నడుస్తుంది. దారం తెంపకుండా అన్ని పూసలూ కుడితే పని తొందరగా అయ్యేది. అయితే ఎక్కడ ఒక్కచోట దారం తెగినా వరుసంతా ఊడేది. అందుకే అనుభవం ఉన్నవారు నాలుగైదు పూసలకోసారి గట్టి ముడి వేసి, కొత్తగా మొదలుపెట్టేవారు.

పూస గాజుదే అయి ఉండాలి. ప్లాస్టిక్ పూసకు బరువు చాలదు, ఇస్త్రీ పెట్టె తగిలితే కరుగుతుంది. కొత్త పూసలు లేకపోతే తెగిపోయిన దండలోని పూసలు, పాత చొక్కా గుండీలు, గవ్వలు కూడా వాడుకున్నారు. మిద్దె మీద గాలి వీచినప్పుడు ఆ పూసలు స్టీలు పళ్లెం అంచుకు తగిలి చిన్నగా మోగేవి. ఆ చప్పుడు వినిపిస్తే మూత స్థానంలోనే ఉందన్నమాట.

మధ్యాహ్నపు బడి

మూతగుడ్డ కుట్టే వేళ మధ్యాహ్నం. అన్నాలు తిని, గిన్నెలు తోమి, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు దొరికే ఆ రెండు గంటల్లో వరండాలో చాప పరిచేవారు. రేడియోలో మహిళల కార్యక్రమం వచ్చేది. ఉషా, మెరిట్ మిషన్లు చాలా ఇళ్లలో ఉండేవి. కొన్ని చేత్తో తిప్పేవి, కొన్ని కాలితో తొక్కేవి. పెళ్లికూతురుకు పుట్టింటివారు పెట్టే సామానులో కుట్టుమిషను గౌరవమైనది. కాలిమిషను తొక్కుడు కిర్రుమనేది, సూది టకటకలాడేది, బాబిన్ అయిపోతే శబ్దం తేలికపడేది. ఆ తేడా చెవితోనే పట్టి మిషను ఆపేవారు.

నేర్పడం, నేర్చుకోవడం అక్కడే జరిగేవి. ఎనిమిదో తరగతి పిల్లకు మొదట ఇచ్చే పని పాతగుడ్డ మీద కచ్చాకుట్టు. తరవాత హెమ్మింగు, ఆపైన గొలుసుకుట్టు. గ్లాసుమూత ఒకటి పూర్తిగా చేయగలిగితే చేతికి కుట్టు వచ్చినట్టే. చిన్న గుండ్రం, క్రాస్ పట్టీ, లేసు, పూస, పువ్వు అన్నీ అందులో ఉంటాయి కాబట్టి అది పరీక్షకు సరిపోయే వస్తువు. బడుల్లో కూడా ఉత్పాదక పని పేరుతో కుట్టు తరగతులు నడిచాయి. టైలరింగ్, ఎంబ్రాయిడరీలో లోయర్, హయ్యర్ సర్టిఫికెట్లకు ప్రభుత్వ సాంకేతిక పరీక్షలు ఉండేవి. ఆ సర్టిఫికెట్లతో కుట్టు టీచర్లుగా చేరినవారు, ఇంటి దగ్గరే కుట్టు కేంద్రం పెట్టుకున్నవారు ఉన్నారు. మహిళా పత్రికల కుట్లు అల్లికల శీర్షికల్లో వచ్చిన డిజైన్లను కత్తిరించి, నోటుపుస్తకంలో అంటించి, ఇల్లిల్లూ తిప్పేవారు.

మతం, జిల్లా ఏదైనా ఆ వరండాలో కుట్టు ఉమ్మడిది. గోదావరి వైపు కోడలు క్రోషియా కొస చూపిస్తే, పక్కింటి ఖాలా గోటా మడత నేర్పేది. ఒక ఇంటి పువ్వు మరో ఇంటి మూత మీదికి నడిచేది.

ఏ వేళకు ఏ గుడ్డ

రోజువారీ మూతలు నెట్టువి, తెల్లవి. పండుగలకు, చుట్టాలకు తీసేవి వేరేగా ట్రంకుపెట్టెలో ఉండేవి. ఎండాకాలం మిద్దె భోజనంలో ఒక వరుస ఉండేది. మొదట నీళ్ల కూజా, దాని మీద జగ్గు కవరు. తరవాత అన్నం గిన్నె, పప్పు, పచ్చిపులుసు, మామిడికాయ పచ్చడి. చివరికి పెరుగు. ఒక్కో గిన్నె వడ్డించి మళ్లీ గుడ్డ కప్పడం ఇంటి ఆడపిల్ల పని. గుడ్డ తీసినప్పుడు పూసలు గిన్నెలో మునగకుండా అంచు మధ్యలోకి మడిచి పట్టుకోవాలి. పిల్లలకు ఇదీ నేర్పేవారు.

సద్దుల బతుకమ్మ నాడు మూతగుడ్డకు గౌరవం దక్కేది. మలీద ముద్దలు, పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నువ్వుల సద్ది పళ్లేల్లో సర్ది, మంచి మూతలు కప్పి, బతుకమ్మలతోపాటు ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు గట్లకు తీసుకువెళ్లేవారు. ఆట అయ్యి, బతుకమ్మను నీళ్లలో వదిలాక సద్దులు పంచుకునేదాకా ఆ పళ్లేలు గట్టు మీదే ఉండాలి. అంతసేపు దుమ్ము, చీమ, ఈగ నుంచి కాపు గుడ్డదే. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకు కూడా అవే మూతలు వెళ్లేవి. షామియానా కింద జరిగే పెళ్లిళ్లలో లడ్డూ, అరిసెల తాంబాళాలకు, సారె పళ్లేలకు పెద్ద చదరపు గుడ్డలు వేసేవారు. ఇవి చుట్టాల ఇళ్ల నుంచి ఎరువు తెచ్చుకునేవారు కూడా.

ఇరుగుపొరుగుకు వంటకం పంపేటప్పుడు గిన్నెతోపాటు మూతా వెళ్లేది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడం మర్యాద కాదు. కొంచెం చక్కెరో, ఇంట్లో చేసిన ఏదో పిండివంటో పెట్టి పంపాలి. గుడ్డనైతే ఉతికి, మడతపెట్టి ఇవ్వాలి. “వదినా, గిన్నె ఇదుగో. గుడ్డ ఉతికిన, ఆరంగనే పంపుత” అనడం గోడకు ఇటువైపు నుంచి రోజూ వినిపించే మాట. ఎవరి గుడ్డ ఎవరిదో కలిసిపోకుండా అంచు లోపల ఒక అక్షరమో, ఒక రంగు ముడో గుర్తుగా కుట్టుకునేవారు.

పసుపు మరక, గంజి బిరుసు

మూతగుడ్డ ఎంత బాగా కుట్టినా, శుభ్రంగా లేకపోతే ఈగ కంటే చేటు. కూర ఆవిరి తగిలిన గుడ్డను తడిగానే మడిచి పెడితే బూజు పడుతుంది. అందుకని భోజనం కాగానే జాడించి ఆరవేసేవారు. పసుపు మరక తీరు వేరు. సబ్బు తగలగానే అది ఎర్రబడుతుంది, ఎందుకంటే క్షారంలో పసుపు రంగు మారుతుంది. కొత్త కోడళ్లు ఆ ఎరుపు చూసి కంగారుపడేవారు. బాగా ఉతికి ఎండలో పరిస్తే ఒకటి రెండు రోజుల్లో ఎండకే ఆ రంగు విరిగిపోతుంది.

ఆరాక గంజి. అన్నం వార్చిన గంజిని వడగట్టి, నీళ్లతో పలచన చేసి, తెల్లగుడ్డ అయితే నీలిమందు చుక్క కలిపి ముంచేవారు. పిండి, బోర్లించిన గిన్నె మీద గుండ్రంగా పరిచి ఆరబెడితే గుడ్డ గొడుగు ఆకారంలో బిరుసుగా నిలిచేది. దాంతో కూరకు, గుడ్డకు మధ్య ఎడం ఉండేది. ఆ ఎడం లేకపోతే మూతకు అర్థం లేదు. గుడ్డ తిండికి ఆనుకుంటే దాని మీద వాలిన ఈగ రంధ్రాల్లోంచే తిండిని అందుకుంటుంది. లేసు అల్లికలను చక్కెర పాకంలో ముంచి బిరుసు చేసే పద్ధతి కొందరికి తెలుసు, కానీ చీమలు పడతాయని తిండి మూతలకు వాడేవారు కాదు.

ఎలా తగ్గిపోయింది

మూతగుడ్డను ఎవరూ కావాలని మానలేదు. దాని చుట్టూ ఉన్న జీవితం మారింది. ఫ్రిజ్ వచ్చాక మిగిలిన అన్నం, పాలు లోపలికి వెళ్లాయి. గ్యాసు పొయ్యి వచ్చాక ఏ పూటకు ఆ పూట వేడిగా వండుకోవడం తేలికైంది. హాట్‌ప్యాకులు, బిగుతు మూతల డబ్బాలు వచ్చాయి. కిటికీలకు, తలుపులకు జాలీలు బిగించారు. ఒంటి అంతస్తు ఇళ్లు పోయి అపార్టుమెంట్లు లేచాయి. అక్కడ మిద్దె అందరిదీ, అంటే ఏ ఒక్కరి భోజనానిదీ కాదు. ఫ్యాన్, కూలర్, ఏసీ రాత్రి భోజనాన్ని ఇంట్లోనే ఉంచాయి. పెళ్లిళ్లు ఫంక్షన్ హాళ్లకు, వడ్డన క్యాటరింగు వారి మూతల పాత్రలకు మారాయి.

ఊరి రూపమూ మారింది. ఉప్పల్ మునిసిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. క్రికెట్ స్టేడియం, సాఫ్ట్‌వేర్ ఆఫీసులు వచ్చాయి. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో రైలు ఉప్పల్ మీదుగా నడిచింది. బర్రెల కొట్టాలు నగరం అంచులకు జరిగాయి, పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. ఆడవాళ్లు ఫ్యాక్టరీలకు, బడులకు, ఆఫీసులకు వెళ్తున్నారు. మధ్యాహ్నపు ఆ రెండు గంటలు ఇప్పుడు చాలామందికి జీతం వచ్చే గంటలు. అయినా మూత అవసరమైతే గొడుగులా తెరిచి మూసే నైలాన్ జాలీ బజారులో చవకగా దొరుకుతుంది.

లాభమెంత, నష్టమెంత

లాభం నిజమైనది, దాన్ని తక్కువ చేయకూడదు. గుడ్డ ఈగను ఆపగలదు కానీ వేడిని ఆపలేదు. 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య తిండిలో క్రిములు వేగంగా పెరుగుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం వండిన పప్పు రాత్రిదాకా ఎంత అందమైన మూత కింద ఉన్నా చెడిపోతుంది. చెడిపోకుండా ఆపే పని ఫ్రిజ్ చేస్తుంది, గుడ్డ చేయలేదు. పిల్లల వాంతులు, విరేచనాలు ఇంటింటి భయంగా ఉన్న కాలం తిరిగి రావాలని కోరుకోవడం తగదు. మసక వెలుతురులో పూసలు ఎక్కించి కళ్లు నొప్పించుకోవడం కూడా ఎవరికీ తప్పనిసరి కాకూడదు.

నష్టమూ నిజమే. మొదటిది చేతి నేర్పు. గుండ్రపు అంచుకు క్రాస్ పట్టీ వేయడం, చిన్నపూసను అడ్డుపెట్టి పెద్దపూసను నిలపడం, గిన్నె మీద గంజి ఆరబెట్టడం పుస్తకంలో చదివితే రావు, పక్కన కూర్చుని చూస్తేనే వస్తాయి. రెండోది పొదుపు. నూలు మూత చిరిగితే అతుకు పడుతుంది, పూస ఊడితే మళ్లీ కుట్టవచ్చు. నైలాన్ గొడుగు జాలీ కమ్మి విరిగితే చెత్తబుట్టకే. మూడోది పంచుకునే అలవాటు. మూతగుడ్డ గోడ దాటి వెళ్లిందంటే దాని కింద ఒక వంటకం కూడా వెళ్లిందన్నమాటే.

నాలుగో నష్టం గుర్తింపుకు సంబంధించినది. ఇంట్లో కుట్టే ఆడవాళ్ల పనిని అప్పట్లో చాలామంది కాలక్షేపం అన్నారు. నర్సాపురం లేసు పనివారి గురించి సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకం సరిగ్గా ఈ పొరపాటునే ఎత్తిచూపింది. రోజంతా అల్లే స్త్రీలను తీరిక వేళ అల్లే గృహిణులుగా చూడటం వల్లే వారి కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె వివరించారు. నర్సాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమ్మకానికి వెళ్లిన లేసుకు ఆలస్యంగానైనా పేరు దక్కింది. ఇంటి గిన్నె మీద కప్పిన లేసుకు ఏ పేరూ దక్కలేదు. అయినా ఒక ఇంటి ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి కాపాడిన పని అది. దాన్ని పనిగా చెప్పుకోవడం న్యాయం.

పూర్తిగా పోయిందని చెప్పడానికీ లేదు. ముస్లిం పెళ్లిళ్లలో ఖ్వాన్‌పోష్ ఇంకా ఉంది. లాడ్ బజారులో రెడీమేడ్‌గా దొరుకుతుంది. కొన్ని ఇళ్లలో దేవుడి ముందు నైవేద్యం మీద పూసల మూత వేస్తున్నారు. పండగ పళ్లేల అలంకరణకు కొత్తగా లేసు మూతలు కుట్టి అమ్మేవారూ ఉన్నారు. అమ్మకపు వస్తువులో పువ్వు, పూస ఉంటాయి. వెనకవైపు ముడులు ఉండకూడదన్న నియమం, రంగు దిగుతుందేమో చూసే జాగ్రత్త, గంజి పెట్టి ఎడం ఉంచే పద్ధతి మాత్రం చాలాసార్లు ఉండవు. రూపం మిగిలి, దాని వెనక ఉన్న తెలివి జారిపోతోంది.

అందువల్ల కాపాడుకోవలసింది వస్తువు కంటే ముందు దాన్ని చేసే తీరు. ఆ కుట్టు తెలిసిన తరం ఉప్పల్, నాచారం కాలనీల్లో ఇంకా ఉంది. వారి దగ్గర ఒక గ్లాసుమూత పూర్తిగా కుట్టడం నేర్చుకుంటే 7 అంగుళాల గుడ్డలో కత్తిరింపు, పట్టీ, లేసు, పువ్వు, పూస, గంజి అన్నీ వస్తాయి. బడిలో చేతిపని గంటకు, మహిళా సంఘాల శిక్షణకు అంతకంటే సులువైన, అంతకంటే సంపూర్ణమైన తొలిపాఠం దొరకదు.